తేనెచీమల ఊరి పాట

రేడియో ముందు కూర్చున్న గృహస్థునకు మీట త్రిప్పగానే తన మాతృభాష తన ఇంటిలో వినిపించుట వింతగా తోచదు. ఉదయపు భక్తిగీతం మొదలు రాత్రి వార్తల వరకు ఎవరో మన మాటలలోనే మనతో మాట్లాడుతూ ఉంటారు. ఇది మనకు ఎంత అలవాటయినదంటే, దీనిని ఒక భాగ్యమని ఎంచుట కూడ మరచిపోయినాము. కాని భూమిమీద కొన్ని జాతులవారికి తమ భాష యంత్రంలోనుండి పలుకగా మొదటిసారి విన్న దినం ఇప్పటికిని జ్ఞాపకమున్నది. అటువంటివారి ఊరిలో పుట్టిన ఒక పాటగాండ్ర జట్టును గురించి ఈ ప్రసంగంలో మనవి చేయదలచినాము. ఆ జట్టు పేరు వారుంపి బ్యాండ్. ఆ ఊరి పేరు పపున్యా. అది ఆస్ట్రేలియా ఖండానికి నట్టనడుమ ఉన్నది.

ఆస్ట్రేలియా పటం మధ్యభాగంలో ఆలిస్ స్ప్రింగ్స్ అనే పట్టణం కనిపిస్తుంది. అక్కడనుండి వాయవ్యదిశగా సుమారు 240 కిలోమీటర్లు పోతే పపున్యా వస్తుంది. ఎర్రని నేల, స్పినిఫెక్స్ అనే ముండ్లగడ్డి, ముల్గా అనే తుమ్మజాతి చెట్లు, దూరాన కొండల వరుస, ఇదే అక్కడి దృశ్యం. ముల్గా చెట్ల క్రింద నేలలోతున ఒక జాతి చీమలు ఉంటవి. వానిలో కొన్ని తమ పొట్టనే కుండగా చేసికొని తేనెవంటి తీపిరసాన్ని నింపుకొని, పుట్టలోని గదులలో ద్రాక్షపండ్లవలె వ్రేలాడుతూ ఉంటవి. స్త్రీలు నేల త్రవ్వి వానిని వెలికి తీస్తారు. మిఠాయి దుకాణం లేని ఆ ఎడారిలో తరతరాలుగా పిల్లలకు దొరికిన తీపి అదే.

అక్కడి ఆదివాసులకు ఈ తేనెచీమ తినుబండారం మాత్రమే కాదు, కులదైవం వంటిది కూడ. ఆదికాలంలో పూర్వపురుషులు జంతువుల రూపాలలోను, మనుష్యుల రూపాలలోను ఈ నేలమీద సంచరించినారనియు, వారు నడచిన చోట కొండలు, విడిసిన చోట చెలమలు ఏర్పడినవనియు వారి విశ్వాసం. ఆ కాలమునకును, ఆ ధర్మమునకును కలిపి 'జుకుర్ప' అని పేరు. ఒక్కొక్క తావునకు ఒక్కొక్క పాట ఉన్నది. ఆ పాటల వరుస తెలిసినవానికి బాట తెలుస్తుంది, నీరున్న చోటు తెలుస్తుంది, ఆ నేలకు బాధ్యులెవరో కూడ తెలుస్తుంది. వ్రాతకోతలు లేని ఆ సమాజంలో పాటయే పటం, పాటయే దస్తావేజు. పపున్యా సమీపాన తేనెచీమలకు చెందిన పవిత్రస్థలం పేరే వారుంపి. ఆ పేరునే పాటగాండ్రు తమ జట్టునకు పెట్టుకొన్నారు.

ఇక ఆ ఊరు ఏర్పడిన విధం తెలియకుంటే ఆ పాటల విలువ తెలియదు. పపున్యా సహజంగా పెరిగిన గ్రామం కాదు. హాస్ట్స్ బ్లఫ్ అనే పాత స్థావరంలో మంచినీటికి ఇబ్బంది కలుగగా, 1959-60 ప్రాంతాన ప్రభుత్వం ఈ కొత్త స్థావరాన్ని నిర్మించినది. ఆ దినాలలో ఆదివాసులను తెల్లవారి జీవనవిధానంలో కలిపివేయుటయే ప్రభుత్వపు విధానం. లురిచ, పింటుపి, వార్ల్‌పిరి, అన్మచర, అరెర్న్‌ట మొదలయిన వేరువేరు భాషలవారిని ఒక్కచోట చేర్చినారు. పడమటి ఎడారిలో వేటాడుకొంటూ స్వేచ్ఛగా జీవించిన పింటుపివారిలో పలువురు 1960 తరువాతనే అక్కడకు చేరినారు. దక్షిణాన వూమెరా కేంద్రంనుండి ప్రయోగించిన రాకెట్ల మార్గం ఆ ఎడారి మీదుగానే పోయేది. ఆ దారిలో మనుష్యులున్నారేమోనని వెదకిన గస్తీబృందాలు కూడ ఈ వలసకు ఒక కారణమయినవి. కొత్త ఆహారము, కొత్త రోగములు సోకి ఆ మొదటి సంవత్సరాలలోనే పెక్కుమంది మరణించినారు. మిగిలినవారు సామూహిక భోజనశాలలో సర్కారు భోజనం తింటూ, పరాయివారి భూమిమీద అతిథులవలె జీవించినారు. పరాయిభూమి అనుటలో అతిశయోక్తి లేదు. తనదికాని నేలమీద ఉండుట ఎడారివారికి సిగ్గుతోడి వ్యవహారం. అక్కడి పాట తమది కాదు గదా!

1967 మే 27వ తేదీన ఆస్ట్రేలియా ప్రజలు నూటికి 90 మందికి పైగా అనుకూలంగా ఓటు వేసి రాజ్యాంగాన్ని సవరించినారు. దానితో ఆదివాసులు దేశపు జనాభాలెక్కలో చేరుటకును, వారిని గురించి కేంద్రప్రభుత్వం శాసనములు చేయుటకును వీలు కలిగినది. 1971లో పపున్యా పాఠశాల గోడమీద పెద్దలు తేనెచీమల జుకుర్పను రంగులతో చిత్రించినారు. అక్కడ ఉపాధ్యాయుడుగా ఉన్న జెఫ్రీ బార్డన్ వారిని ప్రోత్సహించినాడు. ఆ ప్రయత్నంనుండియే పపున్యా తులా అనే చిత్రకారుల సంస్థ ఏర్పడి, చుక్కల చిత్రాలను లోకమంతటికి పరిచయం చేసినది. ఆ మొదటి గోడచిత్రం మాత్రం తరువాత కొన్నేండ్లకు వెల్లవేతలో మాసిపోయినది. 1976లో ఉత్తర ప్రాంతమునకు భూమిహక్కుల శాసనం వచ్చినది. 1981లో పింటుపివారు మూటాముల్లె కట్టుకొని, పడమటిదిక్కున చాల దూరాన ఉన్న తమ సొంత నేలకు తరలిపోయి కింటోర్ అనే ఊరు కట్టుకొన్నారు. వారుంపి బ్యాండ్ పుట్టినది ఈ సంధికాలంలోనే.

గిటారు అప్పటికే ఎడారికి కొత్తవస్తువు కాదు. హెర్మన్స్‌బర్గ్‌లో 1877లో లూథరన్ మిషనరీలు స్థావరం ఏర్పరచిన నాటినుండి అరెర్న్‌ట భాషలో కీర్తనలు పాడుట అలవాటయినది. తరువాత రేడియో, గ్రామఫోను, క్యాసెట్టు వచ్చినవి. పశువుల కొట్టములలో పనిచేసిన ఆదివాసి యువకులకు గుఱ్ఱము, దూరప్రయాణము, ఇంటిమీది బెంగ వర్ణించే అమెరికా పల్లెపాటలు తమవిగానే తోచినవి. వాని వెనుక రాక్ సంగీతం వచ్చినది. అయితే వీరు వినిన పాటలన్నియు దాదాపుగా ఇంగ్లీషులోనే ఉండేవి. 1963లో జిమ్మీ లిటిల్ అనే ఆదివాసి గాయకుడు దేశమంతటా పేరు పొందినాడు. ఆయన పాడినదియు ఇంగ్లీషే. దేవుని పాటకు మాతృభాష తగును, లోకపు పాటకు తగదు అనే భావం ఎవరూ శాసించకుండగనే స్థిరపడిపోయినది.

1980లో విక్టోరియా రాష్ట్రపు పల్లెసీమనుండి నీల్ మర్రీ అనే తెల్లజాతి యువకుడు పని వెదకికొంటూ పపున్యాకు వచ్చినాడు. చేతిలో గిటారు ఉన్నది. ఆ ఊరిలోనే శామీ బుచర్, గోర్డన్ బుచర్ అనే అన్నదమ్ములు ఉన్నారు. ఒకడు గిటారు, రెండవవాడు డ్రమ్ములు. వీరికి నాలుగవవాడుగా ఉత్తర సముద్రతీరాన ఆర్న్‌హెం లాండ్‌ను ఆనుకొని ఉన్న ఎల్కో ద్వీపవాసి, బురర్వంగ వంశీయుడు, ఎడారికి వచ్చి చేరినాడు. అతడు గొంతెత్తితే ఊరు కదలివచ్చేదని, వేదికమీద ఒక్కచోట నిలువలేకపోయేవాడని చూచినవారు చెప్పుకొంటారు. ఇట్లు ఎడారివారిద్దరు, సముద్రపువాడొకడు, తెల్లవాడొకడు కలిసి జట్టు అయినారు. మొదట ఊరి నాట్యసభలలో ఇతరుల పాటలే వాయించినారు. క్రమంగా సొంతపాటలు కట్టుట మొదలు పెట్టినారు.

1983లో వారి మొదటి రికార్డు వెలువడినది. పాట పేరు 'జైలంగురు పకర్ను'. భాష లురిచ. ఆస్ట్రేలియా ఆదివాసి భాషలో రికార్డుగా వెలువడిన మొదటి రాక్ పాట ఇదేనని చరిత్రకారులు పేర్కొంటారు. 'జైలునుండి బయటికి వచ్చినాడు' అని దాని అర్థం. మన పాఠకులు ఈ పేరును ఒకసారి పరిశీలింపవలెనని కోరుతున్నాము. ఇంగ్లీషువాడు తెచ్చిన 'జైలు' అనే మాటను వారును తీసికొన్నారు, మనమును తీసికొన్నాము. మనము దానికి 'నుండి' అనే విభక్తిని తగిలించి 'జైలునుండి' అంటాము. వారు 'ంగురు' అనే ప్రత్యయాన్ని తగిలించి 'జైలంగురు' అంటారు. ఆ రికార్డుకు రెండవవైపున ఉన్న పాట 'కింటోర్‌లకుటు', అనగా 'కింటోరు వైపునకు'. పేరు వెనుక ప్రత్యయం చేర్చి దిక్కు చెప్పుట మనకును వారికిని సమానమే. ద్రావిడభాషల వ్యాకరణం వ్రాసిన కాల్డ్వెల్ ఇటువంటి పోలికలు చూచి రెండింటికి చుట్టరికముండవచ్చునని 19వ శతాబ్దంలో ఊహించినాడు. నేటి భాషాశాస్త్రజ్ఞులు ఆ చుట్టరికాన్ని అంగీకరింపలేదు. పోలిక పోలికగానే మిగిలినది. కాని పొరుగుభాష మాటను లోనికి తెచ్చుకొని తన వ్యాకరణపు ఉడుపు తొడిగే శక్తి ఉన్నంతవరకు ఏ భాషయు చచ్చినట్లు కాదనుటకు ఈ పాట పేరొక్కటే నిదర్శనం.

ఇక ఆ మాట జైలే ఎందుకు కావలసినది? ఆ దినాలలో ఆదివాసి కుటుంబాలలో చెరసాల తెలియని కుటుంబం అరుదు. 1980 మొదలు 1989 వరకు ప్రభుత్వ నిర్బంధంలో మరణించిన ఆదివాసులను గురించి ఒక రాయల్ కమీషను విచారణ జరిపి, 99 మరణాలను పరిశీలించి, 1991లో తన నివేదికను సమర్పించినది. కమీషను విషయాన్ని గ్రంథాలకెక్కించుటకు ఎనిమిదేండ్ల ముందే ఆ పాట దానిని గిటారుమీద పలికించినది. కింటోరు పాట సంగతియు అట్టిదే. పింటుపివారు సొంతనేలకు మరలిపోయి రెండేండ్లయినా గడువకముందే ఆ ప్రయాణం పాట అయినది. పూర్వం పూర్వపురుషుల నడక పాట అయినట్లే, ఇప్పుడు లారీలలో ఇల్లు చేరినవారి నడకయు పాట అయినది.

పాట కట్టినంతమాత్రాన చాలదు, అది వినిపింపవలెను. ఇచ్చట రేడియో కథ వస్తున్నది. 1980లోనే ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఫ్రెడా గ్లిన్, జాన్ మకుంబ, ఫిలిప్ బాటీ అనువారు కలిసి మధ్య ఆస్ట్రేలియా ఆదివాసుల ప్రచారసంస్థను స్థాపించినారు. దానిని కామా అని పిలుస్తారు. మొదట ఇతరుల స్టేషనులలో కొద్దిసేపు కార్యక్రమాలు ప్రసారం చేసి, దూరపు ఊళ్లకు క్యాసెట్లు పంపి, 1985లో ఆ సంస్థ సొంత రేడియో స్టేషను నెలకొల్పినది. సరిగా ఆ సంవత్సరమే ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆస్సాట్ అనే ఉపగ్రహాన్ని ఆకాశానికి పంపినది. నగరపు టెలివిజను కార్యక్రమాలు ఎడారిలోని ప్రతి గుడారంమీద ఒక్కమారుగా కురియనున్నవి. పిల్లలు ఇక తాతల భాషలో మాట్లాడుదురా అని పెద్దలు భయపడినారు. ఉపగ్రహాన్ని ఆపుట వారి వశం కాదు. అందువలన తామే దానిని వాడుకొనదలచినారు. కామా వారు పోటీలో నిలిచి అనుమతి సంపాదించి, 1988లో ఇంపర్జా అనే టెలివిజను కేంద్రాన్ని ప్రారంభించినారు. కొత్తయంత్రం వచ్చినపుడు దానిని శపించుటకంటె, దాని నోట తమ మాట పలికించుట మేలని వారు గ్రహించినారు. వారుంపి బ్యాండ్ గిటారు విషయంలో చేసినదియు అదే.

1985లో జట్టువారి మొదటి ఆల్బం వెలువడినది. దాని పేరునకు 'పేరు గొప్ప, దుప్పట్లు లేవు' అని అర్థం చెప్పుకొనవచ్చును. మన సామెతలో చెప్పవలెనంటే పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఎడారిలో శీతకాలపు రాత్రులు ఎముకలు కొరికే చలి. నగరంలో చప్పట్లు కొట్టించుకొనివచ్చిన పాటగాడు ఇంటికి వచ్చి చలిమంట ప్రక్కన దుప్పటి లేక పడుకొన్నాడనే ఎత్తిపొడుపు ఆ పేరులో ఉన్నది. ఆ మరుసటి సంవత్సరం, 1986లో, సిడ్నీలో సుప్రసిద్ధమయిన మిడ్‌నైట్ ఆయిల్ అనే బృందం వారుంపివారితో కలిసి ఎడారిపల్లెలలోను ఉత్తరతీరపు ఊళ్లలోను సంచారం చేసినది. నల్లవారిని తెల్లవారిని గురించి వారుంపివారు కట్టిన పాట పేరే ఆ సంచారానికి పెట్టినారు. ఆ ప్రయాణంలో కన్నది, విన్నది మిడ్‌నైట్ ఆయిల్ వారి హృదయాలలో నాటుకొని, 1987లో వారి ప్రఖ్యాతమయిన ఆల్బం రూపం దాల్చినది. భూమి ఎవరిదో వారికి మరల ఇచ్చివేయుడని ప్రపంచమంతా విన్న వారి పాటలో కింటోర్ ఊరి పేరు వినిపిస్తుంది. గురువులకు దుప్పటి దొరకలేదు కాని, శిష్యులకు లోకమంతా వేదిక దొరికినది. అయితే శిష్యులు గురువుల పేరు దాచలేదని కూడ చెప్పవలెను.

అదే 1987లో వారుంపివారి రెండవ ఆల్బం వచ్చినది. అందులో నీల్ మర్రీ రచించిన ఒక పాట ఉన్నది. దాని పేరునకు 'నా ద్వీపపు ఇల్లు' అని అర్థం. సముద్రపు ఒడిలో పెరిగి, నీటిచుక్క కానరాని ఎడారిలో కాపురముంటున్న బురర్వంగ మనసులోని బెంగకు ఆ పాట రూపం. వ్రాసినవాడు తెల్లవాడు, పాడినవాడు నల్లవాడు. ఒకరి బెంగను మరొకరు ఇంత దగ్గరగా వినుట స్నేహంలో తప్ప జరుగదు.

ఇంతటి ప్రతిభ గల జట్టు ఎందుకు గొప్ప ధనము, కీర్తి సంపాదింపలేదని శ్రోతలు ప్రశ్నింపవచ్చును. దీనికి సమాధానం ఎడారివారి బంధుధర్మంలో ఉన్నది. పింటుపి, లురిచ ప్రజలలో ప్రతివ్యక్తికిని పుట్టుకతోనే ఒక వరుసపేరు వస్తుంది. పురుషులకు ఎనిమిది, స్త్రీలకు ఎనిమిది పేర్లు. బుచర్ సోదరుల వరుసపేరు జపనంగ్క. ఆ పేరును బట్టి ఎవరు అన్న, ఎవరు మామ, ఎవరిని పెండ్లాడవచ్చును, ఎవరి ముందు తల వంచవలెను అనునది నిర్ణయమవుతుంది. వరుసలు తప్పని మన కుటుంబాలకు ఇది సులభంగానే బోధపడుతుంది. ఊరిలో మరణం సంభవించినదంటే బంధువులందరు చేరవలెను. దినములు, వారములు దుఃఖం పాటింపవలెను. కర్మకాండల కాలం వచ్చినదంటే యువకుడు ఊరిలో ఉండవలెను. మూడువేల కిలోమీటర్ల దూరాన కచేరీకి టిక్కెట్లు అమ్ముడుపోయినవని చావు వాయిదా పడదు. కనుక జట్టు అనేకసార్లు విడిపోయి మరల కలిసినది. అన్నదమ్ములు ఇంటివద్ద నిలిచిపోగా ఇతరులు వారి స్థానంలో వాయించిన సందర్భాలున్నవి. నగరపు వ్యాపారి లెక్కలో ఇది క్రమశిక్షణ లేకపోవుట. పపున్యా లెక్కలో పిలుపు వచ్చినపుడు పోకపోవుటయే క్రమశిక్షణ లేకపోవుట. ఏ జనులను గురించి పాడినారో ఆ జనులను విడిచి పాడలేకపోయినారు. వారి నష్టము, గౌరవము రెండును అక్కడే ఉన్నవని మా అభిప్రాయం.

1996లో వారి మూడవ ఆల్బం వెలువడినది. 2000 ప్రాంతాన జట్టు చెదరిపోయినది. కాని వారి పాట ఆగలేదు. టోరస్ జలసంధి ద్వీపాల సంతతికి చెందిన క్రిస్టీన్ అను అనే గాయని 1995లో 'నా ద్వీపపు ఇల్లు' పాటను తన గొంతుతో పాడగా అది దేశమంతటా మారుమ్రోగినది. 2000 అక్టోబరు 1వ తేదీన సిడ్నీ ఒలింపిక్ క్రీడల ముగింపు ఉత్సవంలో ఆమె దానిని పాడినది. అదే రాత్రి అదే వేదికమీద మిడ్‌నైట్ ఆయిల్ వారు 'క్షమించుడు' అనే మాట ముద్రించిన నల్లని దుస్తులు ధరించి తమ భూమిపాట పాడినారు. ఎడారి ఊరిలో నలుగురు యువకులు వెలిగించిన నిప్పు ఆ రాత్రి కోట్లమంది ఇండ్లలో వెలుగు చూపినది. తల్లిదండ్రులనుండి వేరుచేయబడిన ఆదివాసి సంతతికి ప్రధానమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పినది 2008 ఫిబ్రవరి 13వ తేదీన. ద్వీపపు పాటకు ప్రాణం పోసిన గాయకుడు అది వినలేదు. అతడు 2007 జూన్‌లో కాన్సరు వ్యాధితో మరణించినాడు.

ఈ ప్రసంగంలో మిగిలిన ముగ్గురి పేర్లు చెప్పి, ఆ గాయకుని మాత్రం వంశనామంతోనే పేర్కొన్న సంగతి శ్రోతలు గమనించియుందురు. అది మరపు కాదు. పోయినవాని సొంతపేరును ఉచ్చరింపక కొంతకాలం మౌనం పాటించుట అతని జనుల ఆచారం. పేరు పలికితే వెళ్లిపోతున్న ఆత్మ వెనుదిరిగి చూస్తుందని, దుఃఖం మరల రగులుతుందని వారు తలుస్తారు. కాలం గడచినను ఆ మర్యాదను మేమును పాటింపదలచినాము.

తెల్లవారు రాకముందు ఆస్ట్రేలియాలో 250కి మించిన భాషలు ఉండేవి. 2020లో వెలువడిన జాతీయ నివేదికనుబట్టి, తల్లి ఒడిలో పిల్లలు నేర్చుకొంటున్న పాతభాషలు డజను మాత్రమే మిగిలినవి. పశ్చిమ ఎడారి భాషలు ఆ కొద్దిలో చేరినవి. ఒక పాట భాషను బ్రతికించినదని మేము అనము. భాషను బ్రతికించునది తల్లులు, పిల్లలు. అయితే తన తాత మాట్లాడే భాషలోనే గిటారు పలుకుతుందని, రేడియో పలుకుతుందని పిల్లవానికి తెలిసిన దినాన, ఆ భాష పాతబడినదని వానికి తోచదు. 2024 జనవరిలో సిడ్నీ ఉత్సవంలో ఈ జట్టు చరిత్రను నాటకంగా ప్రదర్శించినారు. వారి మొదటి ఆల్బం పేరే ఆ నాటకానికి పేరు. శామీ బుచర్ కుమార్తె ఆ నాటకానికి దర్శకులలో ఒకరు. తండ్రి చేతి గిటారు కూతురి చేతికి కథగా చేరినది.

పాత ఆచారాల ప్రకారం పాట ఒక తావునుండి మరొక తావునకు బాట చూపవలెను. పపున్యానుండి బయలుదేరిన ఈ పాట మన ఇంటి రేడియో వరకు రాలేదు. వచ్చినా ఆ మాటలు మనకు తెలియవు. కాని సొంత ఊరిమీది బెంగ, సొంత మాటమీది మమకారం ఎట్టివో తెలుగువారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఈసారి మీట త్రిప్పి మన భాష వినిపించినపుడు, ఆ మాట కొరకు పదిమంది ఎర్రమట్టిలో కూర్చుని ఎదురుచూచిన ఊరొకటి ఉన్నదని శ్రోతలు ఒక్కక్షణం తలచుకొనవలెనని మా మనవి.